సాన

మొదటిసారి తుయకుల లేచి మాట్లాడినప్పుడు
నేను నా బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను.
అది ముందే ఒప్పుకోవాలి.

వాల్విస్ బేలో తెల్లవారడమంటే
సముద్రం లేచి పొగమంచై ఊళ్లోకి నడిచిరావడం.
కుయిసెబ్‌మొండ్ నుంచి మా బస్సు ఆ తెలుపును తోసుకుంటూ వచ్చి
హేక్ చేపల షెడ్డు ముందు మమ్మల్ని దింపుతుంది.
ముప్ఫై ఆరు మందిమి, ముప్ఫై ఆరు కత్తులు.
కత్తులకు సాన వారానికి ఒక్కసారే, సోమవారం,
వెనకగదిలో ముసలి నరుసేబ్ చేతుల మీదుగా.
గురువారానికి అవి కోయవు, నములుతాయి.
మొద్దు కత్తి చేపను వదిలి వేలిని వెతుక్కుంటుంది.
ఇది అందరికీ తెలుసు.
అందరికీ తెలిసినదాన్ని ఎవరూ చెప్పరు గదా.

ఆమె చెప్పింది. నెలవారీ సమావేశంలో, గట్టిగా,
సూపర్‌వైజర్ పీనార్ ముఖమ్మీదే:
సానరాళ్లన్నా కొనండి, మా వేళ్లన్నా కొనుక్కోండి అని.
"ఇంకెవరికైనా ఈ ఇబ్బంది ఉందా?" అన్నాడాయన.
ఫ్రీజర్ మోటారు ఒక్కటే బదులు పలికింది.
నా ఎడమ బొటనవేలికి అప్పుడు కట్టు ఉంది.
దాన్ని గౌను మడతలోకి దాచుకున్నాను.

వారం రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.
ఆరంభశూరత్వం, అయిపోయింది అనుకున్నాం.
ఆ తర్వాత అడగడం మొదలుపెట్టింది.
టీ వేళ ఒక్కొక్కరి పక్కన చేరి,
ఏ రోజు తెగింది? ఎన్ని గంటలకి? ఏ కత్తి?
పెద్దాడి లెక్కల పుస్తకం చివరి పేజీల్లో
ఒక గాయానికి ఒక ఎర్ర చుక్క.
సోమవారం గడి ఖాళీ.
గురు, శుక్రవారాలకు పేజీ మీద తట్టు పోసినట్టుండేది.

అది పట్టుకుని పీనార్ దగ్గరికి వెళ్తుందనుకున్నాం.
వెనకగదికి వెళ్లింది, నరుసేబ్ దగ్గరికి.
ప్రతి బల్లకీ ఓ సానరాయి వస్తే
ముందు పోయేది ఆయన స్టూలే.
ఆ భయం ఆమెకు కనబడింది, మాకు కనబడలేదు.
ఏం మాట్లాడుకున్నారో తెలీదు, తలుపు వేసి ఉంది.
మర్నాడు ఆయన తన సొంత రాయిని,
ముప్ఫై ఏళ్ల అరుగుదలకి నడుమ పల్లం పడినదాన్ని,
తడిగుడ్డలో చుట్టి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు.
"నొక్కొద్దు. నొక్కితే అంచు తిరగబడుతుంది.
బరువు కత్తిదే ఉండనీ, నీది కాదు."

ఒక్క బల్ల, ఒక్క నెల. పీనార్‌ని అంతే అడిగింది.

రెండో వారంలో ఆ పదునుకు అలవాటుపడక
గ్లవ్ చీరుకుని నా చూపుడువేలే తెగింది.
పుస్తకం తెరిచింది. వద్దన్నాం,
బల్ల పరువు పోతుంది, ఈ ఒక్కటీ వదిలెయ్ అన్నాం.
"ఇది పెట్టకపోతే
మిగతా చుక్కలన్నీ అబద్ధమైపోతాయి" అంది,
పెట్టింది.

తర్వాతి సమావేశంలో ఆమె లేవలేదు.
నరుసేబ్ లేచాడు, ఎవరూ పిలవకుండానే.
ఆయన వెనకే నేను.
ఏం చెప్పానో గుర్తులేదు.
కట్టు ఉన్న చెయ్యి పైకెత్తానని తర్వాత ఎవరో చెప్పారు.

రాళ్లు వచ్చాయి, ఆర్నెల్లు పట్టింది.
వాటి వెంట నరుసేబ్ బల్ల బల్లకీ తిరుగుతూ
మా మణికట్లు సరిచేసి తిట్టేవాడు.

ప్రసూతి సెలవు ముగిసి తుయకుల తిరిగొచ్చిన రోజు
కొత్త పిల్ల తైమి, ఈమె ఎవరో తెలీక,
చేతిలో కత్తి అందుకుని,
"అలా కాదక్కా, నొక్కొద్దు, బరువు కత్తిదే ఉండాలి.
ఇక్కడ మొదట్నుంచీ ఇంతే" అంది.
నేను నోరు తెరిచాను.
బల్ల కింద నా పాదం మీద ఆమె బూటు పడింది.
"సరే, చూపించు" అంది తైమితో.

సాయంత్రం గది మూల కూర్చుని మాత్రం
"మొదట్నుంచీనట!" అని కాసేపు ఉడుక్కుంది.
బూటు లాగి తలకిందులు చేసి నీళ్లు వంచి,
"ఇవి ఒక్క పొద్దయినా ఆరగా చూశావా నువ్వు?
ఎవరెవరి కాళ్లు పాచిపోయాయో?"

అడుగుతోంది.

నేను నా బూట్ల వైపు చూశాను.